మానేసిన పిల్లలను ఎవరూ అడగలేదు

పోయిన విద్యాసంవత్సరం ముగుస్తుండగా, మా అమ్మాయి చదివే హైస్కూలువారు ఆటల కోచ్‌ల పనితీరును మదింపు చేసే కమిటీలో తల్లిదండ్రుల తరఫున నన్ను కూర్చోబెట్టారు. చదువుకునే రోజుల్లో నాలుగేళ్లపాటు వాలీబాల్ ఆడి ఉండటం తప్ప అందుకు నాకున్న అర్హత మరేదీ లేదు. చేతికిచ్చిన ఫారంలో మొత్తం 100 మార్కులున్నాయి. గెలుపోటములకు 40, టోర్నమెంటులో జట్టు ఏ దశ దాకా వెళ్లిందన్నదానికి 20, క్రమశిక్షణకు 15, ఆట సామాన్ల సంరక్షణకు 10, తల్లిదండ్రులతో మెలిగే తీరుకు 10, మిగిలిన 5 ‘పిల్లల అభివృద్ధి’కి. ఆ ఆఖరి 5 మార్కులు దేన్ని చూసి వేయాలో మాత్రం ఫారంలో ఎక్కడా రాసి లేదు.

వాలీబాల్ కోచ్ సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. ఆయన జట్టు మూడేళ్లుగా కప్పు తెస్తోంది కాబట్టి ఎవరికీ అడగడానికి ఏమీ తోచలేదు. పరుగుపందేల కోచ్ దగ్గరికి వచ్చేసరికి గంటసేపు ఆగిపోయాం. ఆవిడ చేరి రెండేళ్లయినా ఒక్క పతకం రాలేదు. “మరి ఇన్నాళ్లూ సాయంత్రాలు ఏం చేయిస్తున్నట్టు?” అని ఒకరు అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. అదే ప్రశ్న వాలీబాల్ కోచ్ విషయంలోనూ అడగవలసిందని ఆ క్షణంలో నాకు కూడా తట్టలేదు.

హాజరు లెక్క కోసం రిజిస్టర్లు బల్లమీద పెట్టి ఉంచారు. ఊరికే తిరగేస్తున్నవాణ్ని ఒకచోట ఆగాను. వాలీబాల్ రిజిస్టరు మొదటి పేజీలో 31 పేర్లున్నాయి, ఆఖరి పేజీలో 13. పరుగుపందేల రిజిస్టరులో మొదట 17, చివర 21. ఈ మాట పైకి అంటే, “నిలబడలేనివాళ్లు వెళ్లిపోతారండీ, ఆటల్లో అది మామూలే” అన్నారు అధ్యక్షులు. నేను మరి మాట్లాడలేదు. అందరితోపాటు సంతకం పెట్టేశాను. వాలీబాల్ వదిలి వెళ్లిన ఆ 18 మందిలో మా అమ్మాయి కూడా ఉందన్న సంగతి ఆ గదిలో ఎవరికీ చెప్పలేదు.

ఆ సంతకం అప్పటినుంచీ నన్ను సలుపుతూనే ఉంది. సెలవులన్నీ దాని గురించే ఆలోచించి, దొరికినంత చదివి, కొందరిని అడిగి, చివరికి ఒక అభిప్రాయానికి వచ్చాను. హైస్కూలు కోచ్ ఎలా పనిచేస్తున్నారో తెలియాలంటే, కప్పుల బీరువా తెరవడానికి ముందు ఆ రిజిస్టరు మొదటి పేజీకీ చివరి పేజీకీ మధ్య రాలిపోయిన పేర్లను పట్టుకోవాలి. ఎందుకు వెళ్లారో ఆ పిల్లలనే అడగాలి. ఇది వినడానికి తేలికగా ఉన్నా ఆచరణలో ఎన్ని చిక్కులున్నాయో నాకు తెలియకపోలేదు. వాటిలో మొదటిది, ఈ మాట అంటున్నది మానేసిన పిల్ల తండ్రి కావడం.

గెలుపులో కోచ్ వాటా

వృత్తి క్రీడల్లో కోచ్ తనకు కావలసిన ఆటగాణ్ని తెప్పించుకోగలడు. హైస్కూలు కోచ్‌కు ఆ వీలు లేదు. ఆ ఏడాది ఆ స్కూల్లో చేరిన పిల్లలే ఆయన సరుకు. వాళ్లలో ఇద్దరు బయట క్లబ్బులో ఐదేళ్లు ఆడి వచ్చినవాళ్లయితే ఆయన అదృష్టవంతుడు, ఒక్కరూ లేకపోతే దురదృష్టవంతుడు. ఎదుటి స్కూళ్లలో ఎవరున్నారన్నదీ, నిన్నటి కోచ్ ఏం నేర్పి వెళ్లారన్నదీ, ఫైనల్‌కు రెండు రోజుల ముందు సెట్టర్ (తోటివారు కొట్టడానికి బంతిని ఎత్తి ఇచ్చే అమ్మాయి) చీలమండ మెలిక పడిందా లేదా అన్నదీ ఆయన చేతిలో లేవు. ఇన్నిటినీ కలిపి తేలిన ఫలితానికి మేం 60 మార్కులు కేటాయించి, ఆ మొత్తాన్ని ఒక్క మనిషి ఖాతాలో వేశాం.

ఇందులో వయసు లెక్క ఒకటుంది. 1985లో రోజర్ బార్న్స్‌లీ, ఆయన సహచరులు కెనడా ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలు పరిశీలించి, సంవత్సరం మొదటి నెలల్లో పుట్టినవారు అసాధారణమైన సంఖ్యలో పైస్థాయి జట్లలో ఉన్నారని చూపించారు. అక్కడ పిల్లల వయసు వర్గాలను జనవరి 1 నుంచి లెక్కిస్తారు కాబట్టి, జనవరిలో పుట్టిన పిల్లవాడు డిసెంబరులో పుట్టినవాడికంటే దాదాపు ఏడాది పెద్దవాడై ఉండి కూడా అదే వర్గంలో ఆడతాడు. చిన్నతనంలో ఆ ఏడాది తేడా ప్రతిభలా కనిపిస్తుంది. హైస్కూలు వయసులో దీనికి తోడు, ముందుగా ఎదిగే పిల్లలకూ ఆలస్యంగా ఎదిగే పిల్లలకూ మధ్య శరీరంలో ఉండే తేడా పుట్టిన నెలల తేడాను మించిపోతుంది. ఈ రోజు పొడుగ్గా ఉన్న అమ్మాయిని నెట్టు దగ్గర నిలబెడితే ఈ ఏడాదే గెలుస్తాం. ఇంకా ఎదగని అమ్మాయికి ఓపికగా రిసీవ్, అంటే ఎదుటివారి సర్వీసును అందుకోవడం, నేర్పితే రెండేళ్ల తర్వాత, బహుశా మరో కోచ్ హయాంలో, గెలుస్తాం. మా ఫారం మొదటి కోచ్‌కు మార్కులిస్తుంది, రెండో కోచ్‌కు సంజాయిషీ నోటీసు ఇస్తుంది.

ఓటమి తర్వాత కోచ్‌ను మార్చగానే జట్టు పుంజుకుందన్న వాదన కూడా నేను గట్టిగానే నమ్మేవాణ్ని. నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ లీగులో 1986 నుంచి 2004 వరకు జరిగిన కోచ్ మార్పులను బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త పరిశీలించారు. కోచ్‌ను తీసేసిన జట్లు పుంజుకున్న మాట నిజమే. కానీ అదే స్థాయిలో దిగజారి, కోచ్‌ను మార్చకుండా ఉంచుకున్న జట్లు కూడా దాదాపు అలాగే పుంజుకున్నాయి. బాగా కిందికి పడినది ఎలాగూ కొంత పైకి వస్తుంది. ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకుల గురించి మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ చెప్పిన సంగతీ ఇదే కోవలోది. విమానం బాగా నడిపినవాణ్ని మెచ్చుకుంటే మర్నాడు తగ్గుతున్నాడు, చెడగొట్టినవాణ్ని తిడితే మర్నాడు బాగుపడుతున్నాడు కాబట్టి తిట్టే పనిచేస్తోందని ఆ శిక్షకులు వాదించారట. మెచ్చుకోలు లేకపోయినా, తిట్టు లేకపోయినా ఆ తగ్గడం, బాగుపడటం జరిగి ఉండేవే. గ్రౌండులో అరిచే కోచ్‌ల పేరుప్రతిష్ఠలు ఎన్ని ఈ భ్రమ మీద నిలబడి ఉన్నాయో!

అయితే గెలుపుకు విలువే లేదా? ఉంది. ఇక్కడ నేను మరీ సాధువులా మాట్లాడితే, చదువుకునే రోజుల నాటి నన్ను నేనే మోసం చేసుకున్నట్టవుతుంది. ఓడిన రోజు రాత్రి నిద్రపట్టని పిల్లవాణ్ని నేను. గెలవాలన్న కోరిక పిల్లలకు పెద్దలు అంటించిన జబ్బు కాదు. ఏళ్ల తరబడి ఒక్క మ్యాచ్ కూడా గెలవని జట్టులో, ఆట నేర్పడంలో ఏదో లోపం ఉందనుకోవడం తప్పు కాదు. నా అభ్యంతరమల్లా గెలుపును లెక్కలోకి తీసుకోవడం మీద కాదు, అది అన్నిటికంటే ముందు వచ్చి మిగతా ప్రశ్నల నోరు మూయించడం మీద.

జాన్ వుడెన్ సంగతి చూడండి. యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) కోచ్‌గా 1964 నుంచి 1975 వరకు 12 ఏళ్లలో 10 సార్లు అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టైటిల్ గెలిచిన మనిషి. అందులో మొదటిది ఆయన అక్కడ చేరిన 16వ సీజన్‌లో వచ్చింది. యూసీఎల్‌ఏలో చేరకముందు 11 ఏళ్లు హైస్కూళ్లలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ కోచ్‌గా ఉన్నారు. కెంటకీ రాష్ట్రంలోని డేటన్ హైస్కూల్లో తొలి ఏడాది ఆయన జట్టు గెలిచిన మ్యాచ్‌ల కంటే ఓడినవే ఎక్కువ, అలాంటి సీజన్ ఆయన జీవితంలో మళ్లీ రాలేదు. ఆ ఏడాది చివర్లో మా కమిటీ అక్కడ కూర్చుని ఉంటే ఆయనకు ఎన్ని మార్కులు వేసేదో ఊహించుకోవడం కష్టమేమీ కాదు. ఇది రాస్తుంటేనే నా వాదనలోని లొసుగు నాకు కనిపిస్తోంది. గెలుపును కొలబద్దగా తీసుకోవద్దంటూ, చివరికి అందరికంటే ఎక్కువ గెలిచినవాణ్నే సాక్షిగా తెచ్చాను. తొలి ఏడాది ఓడి, ఆ తర్వాత కూడా టైటిళ్లు గెలవకుండా, పిల్లలకు చక్కగా నేర్పి రిటైరైపోయిన కోచ్‌లు ఎందరో ఉండి ఉంటారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు కాబట్టి ఉదాహరణగా చెప్పలేను. బహుశా ఈ సమస్య మొత్తం అక్కడే ఉంది.

ప్రాక్టీసులో కూర్చుంటే కనిపించేది

వుడెన్ చివరి సీజన్‌లో, అంటే 1974-75లో, రోనాల్డ్ గాలిమోర్, రోలండ్ థార్ప్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆయన ప్రాక్టీసులకు వెళ్లి, ఆయన నోటినుంచి వచ్చే ప్రతి మాటనూ, చేసే ప్రతి సైగనూ వర్గీకరించి రాసుకున్నారు. అలా 2,326 నమోదయ్యాయి. వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు ‘ఇది ఇలా చెయ్యి’ అని నేర్పే సమాచారమే. మెచ్చుకోళ్లు పదోవంతు కూడా లేవు. పెద్ద ఉపన్యాసాలు లేవు, చిన్న చిన్న వాక్యాలు. తప్పు చేసిన కుర్రాడికి సరైనది చేసి చూపి, అతను చేసిన తప్పును కూడా చేసి చూపి, మళ్లీ సరైనది చేసి చూపడం ఆయన అలవాటట. ఆ ఇద్దరూ మ్యాచ్‌ల ఫలితాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుని ఉంటే ఇందులో ఒక్క ముక్క కూడా తెలిసేది కాదు.

పిల్లల జట్ల విషయంలో ఇంతకంటే దగ్గరి పని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ చేశారు. 1970లలో వారు కోచ్ ప్రవర్తనను 12 రకాలుగా విడదీసి, పిల్లల బేస్‌బాల్ లీగులో 51 మంది కోచ్‌లను మ్యాచ్‌ల సమయంలో గమనించి, 542 మంది పిల్లలతో తర్వాత మాట్లాడారు. వారికి తేలినవాటిలో రెండు విషయాలు నన్ను వదలడం లేదు. ఒకటి, తాము ఎలా ప్రవర్తిస్తున్నామో కోచ్‌లకే సరిగా తెలియదు. వాళ్లు తమ గురించి చెప్పుకున్నదానికీ పరిశీలకులు రాసుకున్నదానికీ పొంతన చాలా తక్కువ. శిక్షించే విషయంలో ఒక్కచోటే కొంత కుదిరింది. పిల్లలు చెప్పినది మాత్రం పరిశీలకుల లెక్కకు దగ్గరగా ఉంది. రెండోది, కోచ్ మీద పిల్లల ఇష్టానికీ జట్టు గెలుపోటములకూ సంబంధం దాదాపు లేదు. గెలిచే జట్ల పిల్లలు చెప్పిన తేడా మరొకటుంది. తమ కోచ్ అంటే తమ తల్లిదండ్రులకు ఎక్కువ ఇష్టమని వాళ్లు అనుకున్నారు.

అది చదివినప్పుడు నాకు సిగ్గేసింది. మా కమిటీలో కూర్చున్నవాళ్లం ఎవరం మరి? మేం ఆ తల్లిదండ్రులమే.

కొత్త విద్యాసంవత్సరం మొదలయ్యాక, అనుమతి అడిగి, రెండు సాయంత్రాలు గ్రౌండు పక్కన కూర్చున్నాను. వాలీబాల్ ప్రాక్టీసులో మొదటి గంట చూడముచ్చటగా ఉంది. ఆ కోచ్‌కు ఆట క్షుణ్ణంగా తెలుసు. బంతి సెట్టర్ చేతికి చేరకముందే బ్లాక్ ఎటు కదలాలో ఆయన చెబుతుంటే, నాలుగేళ్లు ఆడి కూడా నాకు తెలియని సంగతులు తెలిశాయి. కానీ ఆ మాటలన్నీ కోర్టులో ఉన్న ఆరుగురికే. కొత్తగా చేరినవాళ్లలో ఒక సన్నపాటి అమ్మాయిని ఎంచుకుని, ఆమె బంతిని ఎన్నిసార్లు ముట్టుకుంటుందో లెక్కపెట్టాను. గంటన్నరలో 7 సార్లు. అందులో 5 సార్లు, గీత దాటి పోయిన బంతిని ఏరి తెచ్చి ఇవ్వడానికి.

పరుగుపందేల ప్రాక్టీసు చూస్తే అంతా బాగుందని రాయాలని మనసులో ఉంది, కానీ అలా లేదు. ఆవిడ ఎక్కువ మాట్లాడతారు. వార్మప్ చేసిన పిల్లలను నిలబెట్టి పావుగంట చెప్పేసరికి వాళ్ల ఒళ్లు మళ్లీ చల్లబడిపోయింది. వేగంగా పరిగెత్తే ఇద్దరు కుర్రాళ్లకు వాళ్ల స్థాయికి తగిన పని ఇవ్వలేకపోయారు, వాళ్లు విసుగ్గా గడ్డి పీకుతూ కూర్చున్నారు. అయితే అందరికంటే వెనక వచ్చే అమ్మాయి పక్కన ఆవిడ కూడా పరిగెత్తుతూ, చేతులు అడ్డంగా ఊగకుండా ఎలా కదిలించాలో నాలుగుసార్లు చూపించారు. ఐదోసారికి ఆ అమ్మాయికి వచ్చింది. ఆ సాయంత్రం ఆ గ్రౌండులో ఒకరికి కొత్తగా ఏదైనా వచ్చిందంటే నేను చూసినంతలో అదొక్కటే. మా ఫారంలో దాన్ని రాయడానికి గడి లేదు.

వెళ్లిపోయినవాళ్ల మాట

మా అమ్మాయిని అడిగితే, “ఇష్టం పోయింది నాన్నా” అన్నది తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఆమెతోపాటు మానేసిన ముగ్గురితో, వాళ్ల పెద్దల సమక్షంలో, విడివిడిగా మాట్లాడాను. మొదటి అమ్మాయి చదువు ఒత్తిడివల్ల మానేసింది. కోచ్ మంచివారే అంది, అందులో దాపరికమేమీ నాకు కనిపించలేదు. రెండో అమ్మాయి, “సార్‌కి నా పేరు తెలియదండీ. ఏడు నెలలు వెళ్లాను. ‘ఆ చివరి అమ్మాయి’ అనే పిలిచేవారు” అంది. కోపంగా అనలేదు. అది లోకంలో మామూలు సంగతే అన్నట్టు చెప్పింది.

మూడో అమ్మాయి చెప్పినదానికి నేను సిద్ధంగా లేను. ఆమెకు ఆ కోచ్ అంటే ప్రాణం. ఆయనంత బాగా నేర్పేవారు లేరంది. మోకాలి నొప్పి మొదలైన సంగతి మూడు నెలలు ఎవరికీ చెప్పలేదట. నొప్పి అన్నవాళ్లను పక్కన కూర్చోబెడతారనీ, ఒకసారి కూర్చుంటే ఆ స్థానం మరొకరికి పోతుందనీ భయం. చివరికి నడవడమే కష్టమయ్యాక మానేసింది. ఆ కోచ్ ఆమెను నొప్పితో ఆడమని ఎన్నడూ అనలేదు. అనవలసిన అవసరమే లేకుండా పోయింది.

పిల్లల క్షేమాన్ని మార్కుల్లో కలపకూడదని నేను నమ్మడానికి ఈ అమ్మాయే కారణం. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ల జాకరీ లిస్టెడ్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలాక మళ్లీ ఆటలోకి దిగి, మెదడులో రక్తస్రావమై తీవ్రంగా దెబ్బతిన్నాడు. 2009లో ఆ రాష్ట్రం అతని పేరుతో చట్టం చేసింది. తల దెబ్బతిన్నదన్న అనుమానం వచ్చిన పిల్లవాణ్ని వెంటనే ఆట నుంచి తప్పించాలి, అర్హత ఉన్న వైద్య నిపుణుల లిఖితపూర్వక అనుమతి లేకుండా మళ్లీ దింపకూడదు. 2014కల్లా అక్కడి 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి. ఆ చట్టం కోచ్‌కు పదికి ఎన్ని మార్కులని అడగదు. పాటించారా లేదా అని మాత్రమే అడుగుతుంది. గాయాన్ని దాచుకోవాలని పిల్లలకు అనిపించే జట్టును నడిపే కోచ్‌కు, కప్పుల మార్కులు ఆ లోటును పూడ్చే వీలు ఉండకూడదు.

స్మోల్, స్మిత్‌లు తమ సహచరులతో కలిసి 1990ల మొదట్లో ప్రచురించిన ప్రయోగం నా వాదనకు బాగా బలమిస్తుంది. కొందరు కోచ్‌లకు సీజన్‌కు ముందు ఒక చిన్న శిక్షణ ఇచ్చారు. ప్రయత్నాన్ని గుర్తించడం, తప్పు చేసినప్పుడు ధైర్యం చెప్పి సరిదిద్దడం, వెక్కిరింపులూ శిక్షలూ తగ్గించడం అందులోని ముఖ్యాంశాలు. మరికొందరికి ఏ శిక్షణా ఇవ్వలేదు. మరుసటి ఏడాది, శిక్షణ లేని కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో 26 శాతం తిరిగి రాలేదు. శిక్షణ పొందినవారి దగ్గర ఆ సంఖ్య 5 శాతం. రెండు గుంపుల గెలుపోటముల్లో తేడా లేదు. అయితే అందులో పాల్గొన్న కోచ్‌లు ఇరవైమంది లోపే, పిల్లలేమో హైస్కూలువాళ్లకంటే చిన్నవాళ్లు. దాన్నే పట్టుకుని ఊరేగడం సరికాదు. కోచ్ తీరుకూ పిల్లలు మిగలడానికీ సంబంధం ఉండవచ్చునని అది గట్టిగా సూచిస్తోంది, అంతవరకే.

ఇక నా వాదనకు ఎదురయ్యే అసలైన అభ్యంతరం మరొకటుంది. సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970లలో చెప్పిన సూత్రం ప్రకారం, నిర్ణయాలకు ఏ అంకెను ఎక్కువగా ఆధారం చేసుకుంటామో ఆ అంకే ముందుగా చెడిపోతుంది, తాను కొలవవలసిన పనిని కూడా చెడగొడుతుంది. మానేసినవాళ్ల సంఖ్యకు రేపు 40 మార్కులు పెడితే కోచ్‌లు ఏం చేస్తారు? మానేసేలా ఉన్న పిల్లను మొదటి వారంలోనే చేర్చుకోరు. లేదా ఎవరినీ సరిదిద్దకుండా, ఒళ్లు అలవనీయకుండా, సాయంత్రాన్ని సరదాగా గడిపేస్తారు. రిజిస్టరులో పేర్లు నిండుగా ఉంటాయి, ఆట ఎవరికీ రాదు. ఇది నిజంగా జరగగలదని నేను ఒప్పుకుంటాను.

అందుకే మానేసినవాళ్ల సంఖ్యకు మార్కులు పెట్టమనడం లేదు. ఆ సంఖ్య ఒక ప్రశ్న మాత్రమే. 31 మందిలో 18 మంది వెళ్లారంటే కోచ్ చెడ్డవారని తేల్చినట్టు కాదు, కమిటీ లేచి వెళ్లి విచారించవలసిన పని మొదలైనట్టు. జట్టులో చోటు చాలక కోచ్ స్వయంగా తప్పించిన పిల్లలు వేరు, తమంతట తాము వెళ్లినవాళ్లు వేరు. తప్పించినవాళ్లలో కూడా, ఏం మెరుగుపరుచుకుని మళ్లీ రావాలో చెప్పించుకుని వెళ్లినవాళ్లు వేరు, గోడమీద అంటించిన జాబితాలో తమ పేరు లేదని చూసుకుని వెళ్లినవాళ్లు వేరు. ఈ తేడాలేవీ అంకెలో కనపడవు.

అలాగని నలుగురు పిల్లల మాట పట్టుకుని ఒక మనిషి ఉద్యోగం మీద తీర్పు చెప్పవచ్చునా అంటే, చెప్పకూడదు. అలిగి వెళ్లినవాళ్లు ఉంటారు. తల్లిదండ్రులు నూరిపోసిన మాటలు వల్లెవేసేవాళ్లు ఉంటారు. నాలాంటి తండ్రులూ ఉంటారు. ఒకే మాట, ఒకరికొకరు సంబంధం లేని నలుగురైదుగురి నోట, వరుసగా రెండు మూడేళ్లు వినపడితే దానికి బరువు ఇవ్వాలి. ఆ పిల్లలతో మాట్లాడవలసింది తల్లిదండ్రులు కాదు, ఆ కోచ్ పై అధికారీ కాదు. ఆట తెలిసి, ఆ స్కూలుతో లాభనష్టాలు లేని మనిషి కావాలి. ఆ మనిషే ఏడాదిలో నాలుగైదుసార్లు, చెప్పకుండా వచ్చి ప్రాక్టీసు చూసి వెళ్లాలి. దీనికి డబ్బూ సమయమూ అవుతాయి. ఫారం నింపడానికి అవి అక్కర్లేదు, ఫారాలు అంత ఇష్టంగా నింపుతుండటానికి కారణం అదేనని నా అనుమానం.

ఈ విషయంలో పండితుల మాట కూడా నాకు పూర్తిగా మింగుడుపడలేదు. జాన్ కోటే, వేడ్ గిల్బర్ట్ 2009లో మంచి కోచింగ్ ఫలితాన్ని నాలుగు అంశాల్లో చూడాలన్నారు. సామర్థ్యం, ఆత్మవిశ్వాసం, ఇతరులతో అనుబంధం, నడవడిక. ఆలోచించడానికి ఇది చక్కటి చట్రం. కానీ దీన్ని మా కమిటీ చేతికిస్తే తలా 25 మార్కులు పెట్టి, పదమూడేళ్ల పిల్ల నడవడికకు 25కి 19 అని వేసేస్తాం.

కోచ్ నన్ను అడిగిన ప్రశ్న

ఇంత రాసి, ఆ వాలీబాల్ కోచ్‌తో మాట్లాడకుండా ఉంటే నేను కూడా మా కమిటీ చేసిన పనే చేసినట్టు. ఒక సాయంత్రం నెట్టు విప్పుతుంటే వెళ్లి, మా అమ్మాయి ఎవరో చెప్పి, రిజిస్టరు సంగతి నేరుగా అడిగాను. ఆయన నొచ్చుకుంటారనుకున్నాను. నెట్టు మడత పెట్టడం పూర్తయ్యేదాకా మాట్లాడలేదు.

“ఏడేళ్లుగా పనిచేస్తున్నానండీ. గెలుపుకు 60 మార్కులు పెట్టింది మీరు. నా కాంట్రాక్టు ఏటా ఆ మార్కుల మీదే పొడిగిస్తారు. ఆరుగురి మీద దృష్టి పెడితే గెలుస్తాను, ముప్ఫైమంది మీద పెడితే గెలవను. మీరు అడిగింది నేను చేశాను. మానేసినవాళ్ల సంగతి ఏడేళ్లలో అడిగిన మొదటి మనిషి మీరే, అదీ మీ అమ్మాయి మానేసింది కాబట్టి.”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన మాటల్లో తనకు అనుకూలమైన సర్దుబాటు కొంత ఉంది. ఏడు నెలలు వచ్చిన పిల్ల పేరు తెలుసుకోవడానికి ఏ ఫారమూ అడ్డం రాదు. ఆ మాటే అన్నాను. ఎవరా పిల్ల అని అడిగారు. పేరు చెప్పడం సరికాదనిపించి చెప్పలేదు. కాసేపు ఆలోచించి, “చాలామంది అయ్యుంటారు లెండి” అన్నారు.

ఈ ఏడాది కమిటీలో మళ్లీ నా పేరు వేశారు. ఈసారి మొదటి సమావేశంలోనే, మా అమ్మాయి ఆ 18 మందిలో ఒకతె అని చెప్పి, వాలీబాల్ కోచ్ మదింపు నుంచి నన్ను తప్పించమని రాతపూర్వకంగా ఇచ్చాను. దానికి ఒప్పుకున్నారు. ప్రతి కోచ్ ఫారానికీ రిజిస్టరు మొదటి పేజీ, చివరి పేజీ జతచేయాలనీ, వెళ్లినవాళ్లతో బయటి మనిషి ఒకరు మాట్లాడాలనీ కూడా అడిగాను. పోయిన వారం కొత్త ఫారం వచ్చింది. గెలుపోటముల 40, టోర్నమెంటు దశ 20 అలాగే ఉన్నాయి. బయటి మనిషి ఊసు లేదు. ‘పిల్లల అభివృద్ధి’ ఎదురుగా మాత్రం చిన్న అక్షరాలతో ‘రిజిస్టరు చూడవలెను’ అని చేర్చారు. మార్కులు ఆ 5 మార్కులే.